రెండో కాపీ

పెద్దల్లుడి కోటుకి అప్పటికి ఒక చెయ్యే కుట్టి ఉంది.

పరాయి దేశంలో, రద్దీ వీధిలో, ఒక టైలరు దుకాణం ట్రయల్ రూములో అద్దం ముందు నిలబడి, ఆ ఒంటిచేతి కోటుతోనే అతను బెల్టు బకిల్ నొక్కాడు. బకిల్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ దుకాణం ఇంటర్నెట్ లైను ఎక్కి హెడ్డాఫీసుకి రహస్య సందేశం పంపేసింది. పని అయిపోయింది. పెద్దల్లుడు తెర తీసుకుని బయటికొచ్చాడు.

"భుజం దగ్గర ఇంకాస్త వదులు చెయ్యాలి సార్," అన్నాడు టైలరు, చెవి మీది సుద్దముక్క అందుకుంటూ.

"చెయ్యి. నాకేం తొందర లేదు."

నిజంగానే తొందర లేదు. గూఢచారి ఉద్యోగంలో అలా తీరిగ్గా నిలబడే వేళలు అరుదుగా దొరుకుతాయి. అద్దంలో తనని తాను చూసుకుంటూ, కోటు ఎవరికి చూపించాలో ఆలోచిస్తూ, కాసేపు కబుర్లు కూడా చెప్పాడు.

తలుపు తోసుకుని ఇద్దరు వచ్చారు. ఒకడు మర్యాదగా టైలరుని పక్కకి జరగమన్నాడు. రెండోవాడు సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీశాడు. సందేశం పంపి అరగంట కూడా కాలేదు.

*

హెడ్డాఫీసు బయట "లిఫ్టుల అమ్మకం, రిపేరు" అని బోర్డుంటుంది. ఆ బిల్డింగులో లిఫ్టు మాత్రం ఏనాడూ పనిచేసిన పాపాన పోలేదు. లోపలివాళ్లు ఒకరినొకరు అసలు పేర్లతో పిలుచుకోకూడదు. అందుకని చీఫ్ అందరికీ చుట్టరికాలు తగిలించాడు. ఆయన పెదనాన్న. బయట తిరిగే మగ ఏజెంట్లు అల్లుళ్లు. నెట్‌వర్క్ సెక్షన్ నడిపే పెద్దావిడ అత్తయ్య. పరాయి దేశపు గూఢచారి ముఠా వియ్యాలవారు, దాని నాయకుడు వియ్యంకుడు. ఈ చుట్టరికాలన్నిటిలోనూ ఒక్కటే నిజం: చిన్నల్లుడికీ కోడలికీ చట్టప్రకారం పెళ్లయింది. అల్లుడికీ కోడలికీ పెళ్లేమిటని అడక్కండి, ఆ ఇంట్లో వరసలు అలాగే ఉంటాయి.

చిన్నల్లుడు లిఫ్టు మెకానిక్ వేషంలో, మొహానికి కావాలని పూసుకున్న గ్రీజుతో, మెట్లెక్కి పైకొచ్చేసరికి పెదనాన్న కిటికీ తెరలు లాగేసి కూర్చున్నాడు.

"కూర్చో."

"నిలబడే వింటాను పెదనాన్నా. ఏమైంది?"

"పెద్దల్లుడు పోయాడు. నిన్న."

చిన్నల్లుడు కుర్చీ వీపు పట్టుకున్నాడు. ఫీల్డు పని నేర్పినవాడు, తన పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాడు.

"ఎలా దొరికిపోయాడు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? సందేశం పంపాడు. అరగంటలో వచ్చేశారు. అంతకు ముందు తోడల్లుడు. వాడికి లైను కలవకపోతే రెండో ఏర్పాటు ప్రకారం రైల్వే స్టేషన్ బెంచీ దగ్గరికెళ్లాడు. అంతకు ముందు పంపిన సందేశం నాటి నుంచీ వెంటపడ్డవాళ్లు అక్కడే పట్టుకున్నారు. బెంచీ సంగతి కూడా వాళ్లకి తెలిసిపోయింది."

"అంటే లీకు మన దగ్గరే."

"మన దగ్గరే. మనం సందేశం అందుకోగానే, అది ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లకి అందుతోంది." పెదనాన్న కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంక అక్కడ మన మనిషి ఒక్కతే మిగిలింది."

ఎవరో చెప్పనక్కర్లేదు. కోడలు ఆ దేశంలోనే ఒక కళ్లజోళ్ల దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా పనిచేస్తోంది. కంటిపరీక్ష చేసే యంత్రంలో ఆమె ట్రాన్స్‌మిటర్ దాచి ఉంది. ఈరోజు సాయంత్రం ఐదింటికి ఆఖరి సందేశం. అది పూర్తిగా అందినట్టు యంత్రం మీద పచ్చదీపం వెలగ్గానే ఆమె బ్యాగు తీసుకుని బయటికి నడిచి, రైలెక్కి ఇంటికి రావాలి. ఆ రోజు కోసం చిన్నల్లుడు ఎన్నాళ్లుగా కాచుకుని ఉన్నాడో ఇంట్లో గోడలకి తెలుసు.

"పంపొద్దని చెప్పండి," అన్నాడు.

"ఎలా చెప్పను? ఆ అమ్మాయి దగ్గర పంపే యంత్రమే గాని అందుకునేది లేదు. దుకాణానికి ఫోన్ చేస్తే వియ్యాలవారు వింటారు."

"అయితే మన లైను పీకెయ్యండి. సందేశం రానే రాదు."

"రాకపోతే ఆ అమ్మాయి ఎక్కడికెళ్తుంది?"

చిన్నల్లుడు ఆలోచించాడు. రైల్వే స్టేషన్ బెంచీ దగ్గరికి. రూలు ప్రకారం నడుచుకునే మనిషి. తప్పకుండా అక్కడికే వెళ్తుంది.

"లీకు ఎక్కడుందో ఐదు లోపల కనిపెట్టు. నువ్వు ఫీల్డులోకి రాకముందు అత్తయ్య దగ్గర పనిచేసినవాడివి. ఈ పని నీకు తప్ప ఇంకొకరికి చేతకాదు." పెదనాన్న గొంతు తగ్గించాడు. "ఇంకోటి. వదిన వచ్చి కింద కూర్చుంది. నా అనుమానం ఆవిడ మీదే."

వదిన వియ్యాలవారి కొరియరు. కిందటేడు మనవైపు తిరిగింది. తిరిగిందనే అందరూ అనుకుంటున్నారు. నల్ల కళ్లద్దాలు, భుజాలకి తగిలే చెవిరింగులు, మనిషి కన్నా ముందు గదిలోకి నడిచొచ్చే సెంటు. రెండు దేశాల జీతమూ తీసుకుంటూ రెండు దేశాలనీ తిట్టే మనిషిని నమ్మడం ఎవరికైనా కష్టమే.

*

నెట్‌వర్క్ గది చలిగా ఉంటుంది. అత్తయ్య ఏడాది పొడుగునా స్వెట్టర్‌లోనే ఉంటుంది. చిన్నల్లుణ్ని చూసి పలకరింపులేం పెట్టుకోలేదు, పక్క కుర్చీ కాలితో అతని వైపు తోసింది.

"నాలుగు రూటర్లు. బయటినుంచి వచ్చే ప్రతి సందేశం వీటి మీదుగానే రావాలి. ఐదు నిమిషాలకోసారి ఒక్కోదాన్నీ అడుగుతాం, ఎంత మోశావని. అది లెక్క చెప్తుంది. పెద్దల్లుడి సందేశం వచ్చిన పూట లెక్కలన్నీ చూశాను. తేడా లేదు."

"ఒక్క సెకనులో ఏదైనా బయటికి జారిపోతే, అత్తయ్యా?"

"ఐదు నిమిషాల మొత్తంలో కలిసిపోతుంది. గంగాళం నీళ్లలో చిటికెడు ఉప్పు."

"అందుకని మనం అడగడం మానేద్దాం. రూటరే చెప్పాలి. అడక్కుండానే, సెకనుకోసారి."

"స్ట్రీమింగ్ టెలిమెట్రీ," అంది అత్తయ్య పళ్ల బిగువున. "పెట్టనివ్వమని పెదనాన్నని ఎన్నిసార్లు అడిగానో. ఉన్నది బానే ఉందిగా అంటాడు. మనుషులు పోయాక గుర్తొస్తుంది ఈ ఇంట్లో వాళ్లకి."

ముందు రూటర్ల గడియారాలు సరిచేశారు. మూడో రూటరు గడియారం రెండు నిమిషాలు వెనకబడి ఉంది. నాలుగూ ఒకే టైము చెప్పకపోతే, ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో తేలదు. తర్వాత ప్రతి రూటరుకీ మూడు సంగతులు చెప్పాలి: ఏ లెక్కలు చెప్పాలో, ఎంతసేపటికోసారి చెప్పాలో, ఎవరికి చెప్పాలో. ఒక్కో పోర్టులోంచి లోపలికొచ్చింది ఎంత, బయటికి పోయింది ఎంత, దారిలో ఆపేసింది ఎంత. సెకనుకోసారి. ఈ గదిలో మూలనున్న కలెక్టర్ కంప్యూటరుకి.

కమాండ్లన్నీ మొదటినుంచీ టైపు చేసే తీరిక లేదు. డిపార్ట్‌మెంటులో ఏ రిపోర్టు ఏర్పాటు చేసినా వాడే టెంప్లేటు ఒకటుంది. చిన్నల్లుడు దాన్నే ఎత్తి నాలుగింటిలోనూ దింపాడు. ఒక చోట పోర్టు నంబరు తప్పు కొట్టాడు, రూటరు విసుగ్గా తిప్పికొట్టింది.

"నెమ్మదిగా," అంది అత్తయ్య.

"నెమ్మదిగా ఎలా అత్తయ్యా?"

ఆవిడ స్వెట్టర్ జేబులోంచి రుమాలు తీసి అతని మొహం మీది గ్రీజు ఒకసారి తుడిచి, మళ్లీ తెర వైపు తిరిగింది.

గోడ మీది పెద్ద తెరలో నాలుగు గీతలు కదలడం మొదలెట్టాయి. ఇన్నాళ్లూ ఐదు నిమిషాలకోసారి గొణిగే రూటర్లు ఇప్పుడు ఊపిరి పీల్చినప్పుడల్లా చెప్తున్నాయి. అప్పుడే సెంటు వాసన వచ్చింది. వెనకాలే వదిన.

"బయట కూర్చోమన్నాంగా," అంది అత్తయ్య తలతిప్పకుండా.

"పెదనాన్నగారే పంపారు. కళ్లెదురుగా ఉంటే కాపలా తేలికనేమో."

చిన్నల్లుడు లేచి ఆమెకి ఎదురుగా వెళ్లాడు. "ఒక్కటే అడుగుతాను వదినా. పెద్దల్లుణ్ని మీరే పట్టించారా?"

వదిన నల్ల కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. "ఆ కోటు గుడ్డ నేనే కొనిచ్చాను మరిదిగారూ. వేసుకుని నాకు చూపిస్తానన్నాడు. చంపించదలుచుకున్నవాడికి అంత ఖరీదైన గుడ్డ ఎవరూ కొనరు."

ఏడుపు నటన కావచ్చు. కాకపోవచ్చు. తేల్చుకునే టైము లేక చిన్నల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద ఏ సందేశమూ లేదు. పరీక్ష కోసం అత్తయ్య ఒక దొంగ సందేశం పంపి చూసింది. అది వచ్చింది, చేరింది, అంతే. గోడ గడియారం నాలుగు దాటింది. కోడలు ఈపాటికి ఎవరికో ఫ్రేములు చూపిస్తూ ఉంటుంది. ఇది మీ మొహానికి నప్పుతుందండీ అంటూ ఉంటుంది. ఆమెని కాపాడలేకపోతే తను ఇంటికెళ్లి ఆ తలుపు తాళం ఎలా తీస్తాడు? ఆ ఒక్క ఆలోచనా చెవిలో జోరీగలా వదలకుండా తిరుగుతోంది.

ఇంకేం తోచక, ఖాళీగా ఉన్న గీతలనే చూస్తూ కూర్చున్నాడు. ప్రస్తుతం రూటర్ల మీద ఏ సందేశమూ లేదు. కదులుతున్నదల్లా అవి చెప్పుకుంటున్న సొంత లెక్కలే. మూడో రూటరు ఆ లెక్కల కోసం బయటికి ఎంత పంపుతోందో చూశాడు. కలెక్టరుకి ఎంత అందుతోందో చూశాడు. మళ్లీ చూశాడు.

"అత్తయ్యా. ఇది పంపేది మనకి అందేదానికి సరిగ్గా రెట్టింపు ఉంది."

"లెక్క తప్పేమో. మిగతావి చూడు."

మొదటిది రెట్టింపు. రెండోది రెట్టింపు. నాలుగోదీ అంతే.

ఇద్దరూ ఒకేసారి కీబోర్డు మీద పడ్డారు. టెంప్లేటు తెరిచారు. ఎవరికి చెప్పాలి అన్న చోట రెండు వరసలున్నాయి. మొదటిది మూలనున్న కలెక్టరు. రెండో వరసలో ఉన్న అడ్రసుని అత్తయ్య గుర్తుపట్టింది.

"ఇది బ్రాంచాఫీసు అడ్రసు."

"బ్రాంచాఫీసు మూసేశారుగా?"

"ఎప్పుడో. ఏ రిపోర్టయినా రెండు కాపీలు, ఒకటి హెడ్డాఫీసుకి, ఒకటి బ్రాంచికి అని పెదనాన్న ఆర్డరు. మూసేసిన రోజు లారీ పంపించి కుర్చీలు తెప్పించాడు, బల్లలు తెప్పించాడు, కాలు విరిగిన స్టూలు కూడా తెప్పించాడు. ఈ నెట్ అడ్రసు మాత్రం ఇంటర్నెట్ కంపెనీకి వదిలేశాం. వాళ్లు దాన్ని వియ్యాలవారికే అద్దెకిచ్చి ఉంటారు." ఆవిడ టెంప్లేటు వైపు చూపించింది. "ఫ్లో రిపోర్టులకీ ఇదే టెంప్లేటు నాయనా."

ఫ్లో రిపోర్టంటే, ఏ అడ్రసు ఏ అడ్రసుతో మాట్లాడిందో రూటరు రాసిపెట్టే చీటీ. ఏం మాట్లాడుకున్నారో అందులో ఉండదు. ఎక్కణ్నుంచి అన్నది మాత్రం తు.చ. తప్పకుండా ఉంటుంది. ఎవరూ లంచం ఇవ్వలేదు, ఎవరూ ద్రోహం చెయ్యలేదు. సందేశం వచ్చిన ప్రతిసారీ రూటరు బుద్ధిగా రెండో కాపీ వియ్యాలవారికి పంపుతూ వచ్చింది.

"పెద్దల్లుణ్ని చంపింది నా రూటరు," అంది అత్తయ్య. స్వెట్టర్ చేతుల్లో మొహం దాచుకుంది.

వదిన చేతిలో ఫోను వణికింది. చదివి, ఒక్క క్షణం ఆగి, ఇద్దరి ముందూ పెట్టింది. వియ్యాలవారి నుంచి: "ఇందాకట్నుంచి ఏదో కొత్త డేటా వచ్చి పడుతోంది. ఏమిటో కనుక్కో."

చిన్నల్లుడికి విషయం అర్థమైంది. కాపలా పెట్టిన సంగతి కూడా ఆ టెంప్లేటు వల్లే, చేజేతులా తనే శత్రువుకి చాటింపు వేశాడు. వదిన మాత్రం ఫోను వెనక్కి తీసుకుని, పొడుగు గోళ్లతో టకటకా జవాబు కొట్టింది: "జీతాల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తున్నారు. పట్టించుకోకండి."

ఆవిడ ఎవరి మనిషో చిన్నల్లుడికి అప్పుడు అర్థమైంది. కృతజ్ఞతలు చెప్పుకునే వ్యవధి లేదు. రెండో వరస చెరిపెయ్యడానికి కీబోర్డు అందుకున్నాడు. వదిన అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెరిపెయ్యకండి. పోయినసారి కోడలి సందేశంతో మా వాళ్లకి వీధి తెలిసింది. ఇంటి నంబరు తీసిచ్చే మనిషి ఆ పూట డ్యూటీలో లేక దుకాణం ఏదో తెలియలేదు. ఆ వీధిలో ఇప్పుడు కారు వేసుకుని కూర్చున్నారు. ఎప్పటిలా ఐదింటికి చీటీ రాకపోతే, పసిగట్టారని అనుకుని ప్రతి దుకాణంలోనూ దూరతారు. ఒక్కరిని కూడా వదలరు."

"అయితే చీటీ వెళ్లకూడదు, వెళ్లాలి కూడా," అన్నాడు చిన్నల్లుడు.

"వెళ్లాలి. కానీ అబద్ధపు చీటీ వెళ్లాలి."

అత్తయ్య తలెత్తింది. "అది నేను చెయ్యగలను. ఫ్లో చీటీకి సంతకం ఉండదు. రూటరు పేరు పెట్టి నేను పంపినా అవతలివాడు రూటరే పంపిందనుకుంటాడు. అసలు చీటీని నువ్వు ఫిల్టరు పెట్టి ఆపు. కానీ అందులో రాయడానికి ఒక అడ్రసు కావాలి. ఎవరి ఇంటికి పంపుతాం ఆ హంతకుల్ని? ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇంటికి పంపితే వాళ్లని మనమే చంపినట్టు."

చిన్నల్లుడు మెల్లగా వదిన వైపు తిరిగాడు.

"వియ్యంకుడు ఎక్కడుంటాడో మీకొక్కరికే తెలుసు."

"కాపలావాళ్లు తప్ప ముఠాలో ఇంకెవరికీ తెలీదు. అందుకే నేనింకా బతికున్నాను." వదిన నవ్వబోయి మానేసింది. "నా రిపోర్టులు నేరుగా అతని ఇంటి కనెక్షన్‌కే పంపుతాను. ఆ నెట్ అడ్రసు ఇటు మీకూ చెప్పలేదు, అటు మావాళ్లకీ చెప్పలేదు. నన్ను ఎవరూ చంపకుండా కాపాడేది అదొక్కటే."

"అది కావాలి వదినా."

"ఇచ్చేస్తే నాకేం మిగుల్తుంది?"

"ఏమీ మిగలదు."

"అబద్ధమైనా ఆడొచ్చుగా మరిదిగారూ. మీ డిపార్ట్‌మెంటులో అది కూడా నేర్పలేదా?"

"నేర్పారు. ఇప్పుడు చేతకావడం లేదు." చిన్నల్లుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. "అక్కడున్నది నా భార్య. నా దగ్గర ఇంకే దారీ లేదు. కావాలంటే మీ కాళ్లు పట్టుకుంటాను."

వదిన అతని వైపు చూడలేదు. తెర మీది గీతల్ని చూసింది. "కోటుకి రెండో చెయ్యి కుట్టేలోపే చంపేశారు," అంది ఎవరితోనో అన్నట్టు. ఆ నెట్ అడ్రసు, నాలుగు అంకెల గుత్తులు, చెప్పింది. అత్తయ్య రాసుకుని, తప్పు లేదని మళ్లీ చదివి వినిపించింది. వదిన తలూపింది.

ఆ తల ఇంకా ఆగకముందే మూడో రూటరు గీత నిట్టనిలువుగా లేచింది.

చిన్నల్లుడు గడియారం చూశాడు. ఐదు కాలేదు. "తనే. ముందే పంపుతోంది. వీధిలో కారు చూసి ఉంటుంది."

"ఫిల్టరు పెట్టు," అంది అత్తయ్య, తన కీబోర్డు మీదకి వంగుతూ. "సందేశం అయిపోయాక రూటరు పదిహేను సెకన్లు ఆగుతుంది, ఇంకేమైనా వస్తుందేమోనని. రాకపోతే చీటీ పంపేస్తుంది. నీకున్నది అంతే."

గీత ఎత్తులోనే ఉంది. అంటే సందేశం ఇంకా వస్తోంది. చిన్నల్లుడు కొట్టాడు: బ్రాంచి అడ్రసుకి పోయేదల్లా, ఆపెయ్. మూడో రూటరు మీద తగిలించాడు. గీత కింద పడింది. సందేశం పూర్తిగా అందింది. అక్కడ యంత్రం మీద పచ్చదీపం వెలిగి ఉంటుంది. ఇక్కడ పదిహేను సెకన్లు మొదలయ్యాయి.

పని చేస్తోందో లేదో చూడాలి. టెలిమెట్రీ కాపీలు ఇంకా ఆ అడ్రసుకి పోతూనే ఉన్నాయి. కంగారులో చీటీలనొక్కటే కాక ఆ అడ్రసుకి పోయే ప్రతిదాన్నీ ఆపమన్నాడు. అలాంటప్పుడు ఆగినవాటి లెక్క పెరగాలిగా. తెర మీద సున్నా. మరుసటి సెకను మళ్లీ సున్నా.

"ఆగడం లేదు," అన్నాడు. "అత్తయ్యా, ఇది ఆపడం లేదు."

"దిక్కు చూడు. లోపలికొచ్చే దిక్కున పెట్టావా?"

అవును. బయటికి పోయేదాన్ని ఆపాల్సిన ఫిల్టరుని లోపలికొచ్చే దారిలో కాపలా పెట్టాడు. దొంగ పెరటి తలుపులోంచి పోతుంటే వీధి తలుపు దగ్గర నిలబడ్డట్టుంది. తీసేశాడు. మళ్లీ కొట్టాడు. ఒక అక్షరం జారింది, రూటరు ఒప్పుకోలేదు. ఇంకా ఎన్ని సెకన్లున్నాయో లెక్కపెట్టే ధైర్యం లేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి చీటీలు మాత్రమే, బయటి దిక్కు, మూడో రూటరు. ఎంటర్.

టెలిమెట్రీ ఇంకో సెకను చెప్పింది. ఆగినవి: సున్నా.

ఇంకో సెకను. ఆగినవి: ఒకటి.

"ఒకటి," అన్నాడు చిన్నల్లుడు. "అత్తయ్యా, ఒకటి."

అత్తయ్య తన మీట నొక్కింది. మూడో రూటరు పేరుతో అబద్ధపు చీటీ బయల్దేరి, వియ్యాలవారు అద్దెకి తీసుకున్న పాత బ్రాంచాఫీసు అడ్రసుకి చేరిపోయింది.

ఆ తర్వాత చెయ్యడానికేం లేదు. అదే అన్నిటికన్నా కష్టం. పెదనాన్న గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అత్తయ్య రెండే మాటల్లో చెప్పింది. ఆయన గోడకి ఆనుకుని, "ఆ ఆర్డరు నాది," అన్నాడు. ఎవరూ ఓదార్చలేదు.

వదిన ఫోను వణికింది. ఆవిడ పైకి చదివింది. "ఇల్లు దొరికింది. ఆ వీధి కాదు. బయల్దేరుతున్నాం."

చీటీలోని అడ్రసుని టెలిఫోన్ కంపెనీలో ఉన్న వాళ్ల మనిషి ఇంటి నంబరుగా మార్చి ఇచ్చి ఉంటాడు. ఆ ఇల్లు తమ నాయకుడిదని అతనికీ తెలీదు, కారులో ఉన్నవాళ్లకీ తెలీదు. అన్నాళ్లూ అంత జాగ్రత్తగా దాచుకున్నాడు వియ్యంకుడు.

చాలాసేపటికి ఫోను మళ్లీ వణికింది. ఈసారి నేరుగా వియ్యంకుడి దగ్గర్నుంచే. వదిన చదివి, కనుబొమలెత్తి, ఫోను బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టింది.

"మా గేటు దగ్గర ఎవరో పిస్టళ్లతో ఉన్నారు. మన వాళ్లని వెంటనే పంపు."

"మన వాళ్లే అని చెప్పమంటారా?" అంది వదిన. ఎవరూ సమాధానం చెప్పకముందే ఫోను ఆపేసి, సిమ్‌కార్డు తీసి విరిచేసింది. వియ్యంకుడి కాపలావాళ్లూ హంతకులూ ఒకరినొకరు గుర్తుపట్టేసరికి ఆ వీధిలో పోలీసులు కూడా చేరారని మర్నాటి పేపర్లో వచ్చింది. అది తర్వాతి సంగతి.

చిన్నల్లుడికి ఇదేం పట్టలేదు. కారు ఆ వీధి వదిలి కదిలింది సరే. కోడలు కదిలిందా? పచ్చదీపం చూసిందా? బయటికొస్తుంటే కారులో ఎవడైనా మిగిలిపోయి చూశాడా? రూటరు ఇవేవీ చెప్పదు. మూడో గీత నేలకి అతుక్కుపోయి ఉంది. అతను దాన్నే చూస్తూ, దేవుణ్ని నమ్మడం మానేసిన మనిషి, ఎవరికో ఏదో మొక్కుకుంటూ కూర్చున్నాడు.

కింద రిసెప్షన్‌లో లిఫ్టు కంపెనీ ఫోను మోగింది. బయటి జనం లిఫ్టుల గురించి అడిగే నంబరది. చిన్నల్లుడు మెట్లు రెండేసి దూకుతూ దిగి, రిసీవరు ఎత్తాడు.

"మీ కళ్లజోడు రిపేరయిందండీ," అంది ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా. వెనక రైలు అనౌన్స్‌మెంట్ వినిపిస్తోంది. "ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు?"

ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. పేరు పెట్టి పిలవకూడదు. ఏడవకూడదు. కోడు మాట తప్ప ఇంకేం అనకూడదు.

"ఫ్రేము బాగుందాండీ?" అన్నాడు. గొంతు ఎక్కడ వణికిందో అవతల తెలిసిపోయే ఉంటుంది.

ఆమె అంది. "ఫ్రేముకేం కాలేదు. అద్దం మీద చిన్న గీత. తుడిస్తే పోతుంది. మీరు కంగారు పడకండి."

ఫోను పెట్టేసి, చిన్నల్లుడు ఆ మెట్ల మీదే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కన ఎప్పటికీ పనిచెయ్యని లిఫ్టు. కాసేపటికి పైనుంచి ముగ్గురూ దిగొచ్చారు. అతని మొహం చూస్తేనే తెలిసిపోయింది. వదిన అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. అత్తయ్య స్వెట్టర్ విప్పి అతని భుజాల మీద కప్పింది.

"వదినకి ఇంకో పేరు, ఇంకో ఊరు చూడాలి," అన్నాడు చిన్నల్లుడు కళ్లు తుడుచుకుంటూ. "ఈ రాత్రికే."

"చూస్తాను." పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. అలవాటు అంత తొందరగా పోదు కదా, నోటికి వచ్చేసింది. "రేపటికల్లా నాకు ఈ కేసు రిపోర్టు కావాలి. రెండు కా..."

ముగ్గురూ ఆయన వంక చూశారు.

"ఒక్కటి చాల్లే," అన్నాడు పెదనాన్న. "అది కూడా నోటితో చెప్పండి."